నివురు సెగ – పదకొండో భాగం: మహ్జూబా కుడి కాలు

కిందటి వారం యమ్నాను క్లినిక్ మెట్ల మీద, చేతిలో ఉత్తరంతో వదిలి వచ్చాం. అది బీమా కంపెనీ వకీలు రాసిన ఉత్తరం. అస్ఫీ రేవులోని సార్డీన్ చేపల కర్మాగారంలో, డబ్బాలకు మూతలు బిగించే యంత్రం కింద ఆమె ఎడమ చెయ్యి నలిగి రెండేళ్ల నాలుగు నెలలైంది. గాయం మానింది. ఎముకలు అతుక్కున్నాయి. మంట మాత్రం పోలేదు. మానిన చేతికి నొప్పేమిటి, ఇదంతా నటన అని కంపెనీ వాదన. గురువారం కోర్టులో విచారణ. ఉత్తరంలో ఇదంతా పాత పాటే. కొత్తదల్లా చివరి వాక్యం: "ఫిర్యాదుదారు తానే చెప్పుకున్న ప్రకారం, రోజూ తెల్లవారిన తరువాత అరగంట సేపు ఆమె చేతికి ఎటువంటి బాధా ఉండదు."

ఆ అరగంట సంగతి యమ్నా తన నోటితో ఒక్క మనిషికే చెప్పింది. క్లినిక్‌లో స్నేహమైన మహ్జూబాకు.

మంగళవారం పొద్దున షామా ఒక కాలికి బూటు వేసుకుని రెండో దాని కోసం మంచం కింద వెతుకుతోంది. యమ్నాకు ఒక్కతే కూతురు, ఇరవై రెండేళ్లు. తల్లి చెయ్యి నలిగిన కర్మాగారంలోనే, చేపల తలలు కోసే బల్ల దగ్గర పని. పడవలు వచ్చినన్నాళ్లే ఆ పని. రాకపోతే ఇంటికే.

"మళ్లీ రాత్రంతా ఆ ఉత్తరమే చదివావా అమ్మా?"

"ఒక్క వాక్యమే చదివాను."

"ఒక్క వాక్యాన్ని రాత్రంతా చదివావన్నమాట."

"అది దానికొక్కదానికే చెప్పాను షామా. నీకు కూడా చెప్పలేదు."

షామా మంచం కింద నుంచి తల బయటపెట్టింది. "నాకు చెప్పాలేంటి? పొద్దున్నే రెండు చేతులతో పిండి కలుపుతావు. గోడకు కళ్లుంటే గోడకూ తెలుసు."

"గోడ వకీలుకు చాడీలు చెప్పదు."

"అమ్మా!" షామా లేచి వచ్చి ఎదురుగా కూర్చుంది. "పోయిన నెల పక్కింటి హాజ్జా ఖదూజ్ కత్తెర ఎత్తుకుపోయిందని వీధంతా వినేలా తిట్టావు. కత్తెర ఎక్కడ దొరికింది?"

యమ్నా కిటికీ వైపు చూసింది.

"చెప్పు, ఎక్కడ దొరికింది?"

"పిండి డబ్బాలో."

"అందులో ఎవరు పెట్టారు?"

"నేనే. ఎప్పుడు పెట్టానో గుర్తులేదు."

"అదీ సంగతి. ఈ నొప్పి తలకెక్కితే మనిషికి ఎవరి మీదా నమ్మకం కుదరదని డాక్టరమ్మ చెప్పలేదూ?"

"మతిమరుపు, చిరాకు, దిగులు. మూడే చెప్పింది."

"నాలుగోది నువ్వు కలిపావులే." షామా నవ్వి, తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి, దొరికిన బూటు చేత్తో పట్టుకునే గుమ్మం దాటింది. వీధిలోంచి కేక వేసింది. "హమ్మామ్‌కి స్నానానికి వెళ్తానన్నావుగా, నాలుగింటికి గొడుగు పట్టుకొస్తా. వాన పట్టేలా ఉంది."

కూతురు వెళ్లాక యమ్నా చాలాసేపు అలాగే కూర్చుంది. ఎడమ చెయ్యి ఒళ్లో, అరచెయ్యి పైకి పెట్టి. చూడటానికి అది మామూలు చెయ్యే. బొటనవేలు మొదట్లో తెల్లటి గీత, అంతే. గట్టిగా పట్టుకుంటే ఓర్చుకోగలదు. ఈగ వాలితే ఓర్చుకోలేదు. అందుకే ఆమె అంగీలన్నిటికీ ఎడమ చెయ్యి మోచేతి దాకా కత్తిరించి ఉంటుంది. చలికాలంలోనూ అంతే.

నొప్పి గురించి డాక్టర్ నుజ్హా చెప్పిన రోజున మహ్జూబా పక్కనే ఉంది. వరండాలో బల్లల మీద పది పన్నెండు మంది రోగుల్ని కూర్చోబెట్టుకుని, డాక్టరమ్మ తను కూడా ఒక స్టూలు లాక్కుని కూర్చుంది.

"నరం దెబ్బ తిన్నప్పుడు కేక వేస్తుంది. అది దాని పని. గాయం మానాక ఊరుకోవాలి. కొందరిలో ఊరుకోదు. ఆ కేక వినీ వినీ వెన్నులోను, మెదడులోను కాపలా కాసే చిన్న చిన్న కణాలు రెచ్చిపోతాయి. దొంగ పోయాక కూడా మొరిగే కుక్కలన్నమాట. చివరికి ఇంటివాళ్లనే కరుస్తాయి. జ్ఞాపకం ఉండే చోట కరిస్తే మతిమరుపు. మనసు ఉండే చోట కరిస్తే చిరాకు, దిగులు."

"అంటే మా అక్కకి మెదడు వాచినట్టేనా డాక్టరమ్మా?" అని అడిగింది మహ్జూబా.

"జ్వరం వచ్చి మనిషి పడిపోయే మెదడువాపు కాదమ్మా ఇది. మంట లేదు, పొగ లేదు. నివురు కింద సెగ ఉంటుందే, అలాంటిది."

"మరి కాగితం మీద రాసివ్వండి" అంది యమ్నా. "కోర్టులో చూపిస్తాను."

డాక్టర్ నుజ్హా స్టూలు ఆమె దగ్గరికి జరుపుకుంది. "నీ నొప్పి నిజమని రాసిస్తాను. నీ చెయ్యి పనికి పనికిరాదని రాసిస్తాను. కానీ నీ తలలోని సెగ మా యంత్రాలకు కనపడదు యమ్నా. పరిశోధనలు చేసే చోట్ల కొంతమందిలో చూశారు. ఇక్కడ నేను చూడలేనిదాని కింద ముద్ర వెయ్యలేను."

ఆ మాటలు విన్నప్పుడు ధైర్యంగానే ఉండింది. తన కష్టానికి ఒక కారణం దొరికిందనుకుంది. ఇప్పుడు అవే మాటలు గొంతులో ముల్లులా ఉన్నాయి. మహ్జూబా మీద ఈ అనుమానం ఎక్కడి నుంచి వస్తోంది? బుద్ధి చెబుతోందా, సెగ చెబుతోందా? కత్తెర విషయంలోనూ ఇంతే గట్టిగా నమ్మింది కదా. తన తలనే తను నమ్మలేనప్పుడు ఇంకెవరిని సాక్ష్యం అడగాలి?

మహ్జూబా కుంటే ఆ కాలినే అడగాలనుకుంది.

మధ్యాహ్నం రెండింటికి సముద్రం మీది మంచు కోట గోడ దాటి వీధుల్లోకి దిగింది. యమ్నా మహ్జూబాను వెంటబెట్టుకుని వెళ్లేసరికి, హమ్మామ్ గుమ్మంలో బట్టలకు కాపలా ఉండే టూడా అవ్వ ఎత్తు పీట మీద, బట్టల మూటల మధ్య కూర్చుని ఉంది.

"యమ్నా తల్లీ! ఏడాదైంది నీ మొహం చూసి. చెయ్యి నలిగితే ఒళ్లు కడుక్కోవడం కూడా మానేస్తారా?"

"ఇంట్లో కడుక్కుంటున్నానవ్వా."

"ఇంట్లో కడుక్కుంటే అది తడుపుకోవడం. ఈవిడెవరు?"

"నా స్నేహితురాలు" అంది యమ్నా. గొంతు వణకలేదు. అది తనకే వింతగా తోచింది.

మహ్జూబా బకెట్లు పట్టుకుని, కుడి కాలు ఈడుస్తూ లోపలికి నడిచింది. నలభై రెండేళ్ల మనిషి. బొద్దుగా, నోట్లో మాట ఆగకుండా ఉంటుంది. మేడ మీద ఉన్ని ఆరబెడుతూ జారిపడిందట, నడుములో నరం నొక్కుకుని పిక్క దాకా మంటట. ఐదు నెలల కిందట క్లినిక్ వరండాలో అలాగే చెప్పింది. ఆమె కుంటు చూస్తే రాయి కూడా పక్కకు జరుగుతుంది. ఈ ఐదు నెలల్లో యమ్నాకు ఆమె ఏం చెయ్యలేదని! తెల్లవారుజామునే వెళ్లి వరసలో చోటు పట్టింది. బస్సులో ఎడమ పక్కన ఎవరూ రాసుకోకుండా గోడలా నిలబడింది. యమ్నా తమ్ముడు పోయిన ఏడో రోజున, షామా ఇంట్లో లేని వేళ, పెద్ద గిన్నెడు గోధుమ నూకల కూస్‌కూస్ మోసుకొచ్చింది, ఆ కాలితోనే.

ఆ గిన్నె గుర్తొచ్చి యమ్నా అడుగు తడబడింది. ఇది పాపం కాదా అనుకుంది.

లోపలి వేడి గదిలో ఆ వేళప్పుడు మనుషులు తక్కువ. మూల ఇద్దరు ముసలమ్మలు మట్టి లేపనం తలకు పట్టించుకుని కళ్లు మూసుకున్నారు. రాతి గోడల మీంచి నీళ్లు జారుతున్నాయి. యమ్నా ఎడమ చెయ్యి భుజం ఎత్తులో పెట్టుకుని, చినుకులు పడని చోటు చూసుకుని కూర్చుంది.

"వీపు ఇటు తిప్పక్కా, రుద్దుతాను."

"ఇవాళ నేను రుద్దుతాను. కాళ్లు చాపు."

"ఒంటిచేత్తోనా?"

"కుడి చెయ్యి బాగానే ఉందిగా. దాని మీద ఎవరూ ఉత్తరాలు రాయలేదు."

మహ్జూబా నవ్వింది. ఆ నవ్వు రావలసిన దానికంటే ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. లేక యమ్నాకు అలా అనిపించిందేమో.

నల్ల సబ్బు పూసి, గరుకు తొడుగు చేతికి ఎక్కించుకుని, ముందు ఎడమ కాలు రుద్దింది. తరువాత కుడి పిక్క మీద ఒక్కసారిగా బలంగా లాగింది.

"అబ్బా! ప్రాణం పోయిందక్కా! మెల్లగా!" మహ్జూబా కాలు దగ్గరికి లాక్కుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మూలనున్న ముసలమ్మ ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది.

యమ్నా రుద్దడం ఆపేసింది. ఎంత పని చేశాను, నిజంగా నొప్పి ఉన్న మనిషినే ఏడిపించాను అనుకుంది. క్షమాపణ నోటి దాకా వచ్చింది. అప్పుడే తన చెయ్యి గుర్తొచ్చింది. గట్టిగా పట్టుకుంటే ఓర్చుకోగలదు. ఈగ వాలితేనే కదా ఓర్చుకోలేనిది!

"పొరపాటైపోయింది, క్షమించు" అంది. తొడుగు తీసి పక్కన పెట్టింది. "ఇందాక దారిలో ఏదో చెబుతున్నావు. మీ పిన్ని మనవరాలి పెళ్లిలో పాటగాళ్లు రాలేదని."

"ఆఁ, ఆ పెళ్లా!" మహ్జూబా మొహం వెంటనే తేటపడింది. "వాళ్ల బండి ఎక్కడో చెడిపోయింది. రాత్రి పెళ్లి, పాట లేకుండా ఎలా? పెళ్లికొడుకు మేనమామ లేచి నేను పాడతా అన్నాడు. గొంతు చూడాలి నువ్వు, గాడిదకు జలుబు చేసినట్టు! మొదటి పాటకు చప్పట్లు కొట్టారు. రెండో పాటకు కొట్టలేదు. మూడో పాటకు పెళ్లికూతురు ఏడుపు లంకించుకుంది. పుట్టింటి మీద బెంగ కాబోలనుకున్నారు అందరూ…"

చెబుతోంటే యమ్నా తన నడుముకు చుట్టుకున్న పలచటి నూలు గుడ్డ కొస తీసుకుంది. దాని అంచున దారపు కుచ్చులున్నాయి. వాటిని మహ్జూబా కుడి మోకాలి కింద ఆనించి, మడమ దాకా ఈకతో రాసినట్టు దింపింది.

"…అది బెంగ కాదు తల్లీ, ఆ మేనమామ ఇంట్లోనే కాపురం పెట్టాలట!"

రెండోసారి దింపింది. మహ్జూబా కథ ఆగలేదు. మూడోసారికి మహ్జూబా వంగి, ఈగను తోలినట్టు పిక్క గోక్కుని, మళ్లీ కథ అందుకుంది.

యమ్నా తన చేతి మీద ఆ కుచ్చులు రాసుకున్నట్టు ఊహించుకుంది. ఊహకే పళ్లు బిగుసుకున్నాయి. అయినా తొందరపడలేదు. అందరి నొప్పీ ఒక్కలా ఉండదని డాక్టరమ్మే అంది. ఇంకొక్క మాట అడుగుదామనుకుంది.

"రాత్రిళ్లు చలి మొదలైంది. దుప్పటి ఎలా కప్పుకుంటున్నావు?"

"ఎలాగేముంది? మెడ దాకా లాక్కుని, పాదాల కింద దోపుకుని. మా అమ్మ అలా అలవాటు చేసింది."

"డాక్టరమ్మ అడిగినప్పుడు వేరేగా చెప్పావు. దుప్పటి తగిలితే నిప్పు పెట్టినట్టుంటుందన్నావు. నేను చెప్పిన మాటే, నా తరువాత, నాలాగే చెప్పావు."

మహ్జూబా చెయ్యి బకెట్టు అంచు మీద ఆగిపోయింది.

"నన్ను పరీక్ష చేశావా అక్కా?"

"చేశాను."

"గుమ్మంలో స్నేహితురాలినని చెప్పి, లోపలికి తీసుకొచ్చి పరీక్ష చేశావా?"

"గుమ్మంలో నేనొక అబద్ధం ఆడాను. నువ్వు ఐదు నెలలుగా ఆడుతున్నావు."

మహ్జూబా విసురుగా లేచింది. కుడి కాలి మీద బరువంతా మోపి లేచి, రెండడుగులు సరిగ్గా నడిచింది. కుంటడం మరిచిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"అయితే ఏంటి?" గొంతు తగ్గించి, పళ్ల మధ్య నుంచి అంది. "కోర్టులో ఏమని చెబుతావు? తువ్వాలు కుచ్చులు రాసి చూశానని చెబుతావా? జడ్జీ నవ్వుతాడు. నీకు తెలీదక్కా, వాళ్లు అన్నీ సిద్ధం చేసుకున్నారు. తలలో సెగ లేదంటే, నొప్పి కూడా లేదంటారు. సెగ ఉందంటే, తల చెడినదాని సాక్ష్యం చెల్లదంటారు. ఏ దారిన పోయినా నీకు గోడే! డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటా నేనే రాసిచ్చా…"

మాట మధ్యలో నోరు మూసుకుంది. కానీ అప్పటికే ఆలస్యమైంది.

యమ్నా చేతిలో మంట లేచింది. కోపం వస్తే అది ముందు అక్కడికే వెళ్తుంది, మణికట్టు నుంచి వేలి కొనల దాకా కాగే నూనె పోసినట్టు. కళ్ల ముందు గది మసకబారింది. అదే సమయానికి మూలనున్న ముసలమ్మ తల కడుక్కోవడానికి బకెట్టు ఎత్తి కుమ్మరించింది. నీళ్లు రాతి మీద పడి ఎగిరాయి. మహ్జూబా ఆలోచించకుండా అడ్డం వచ్చింది. ఆ నీళ్లన్నీ ఆమె వీపు మీద పడ్డాయి. యమ్నా చెయ్యి తడవలేదు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇదీ రాసివ్వు" అంది యమ్నా.

మహ్జూబా అక్కడే తడి రాతి మీద కూలబడింది.

యమ్నా మంట తగ్గేదాకా ఆగింది. తిట్టడానికి చాలా మాటలున్నాయి. రాత్రంతా పోగు చేసుకుంది. కానీ నోటికి వచ్చింది వేరే. "ఒక్కటి చెప్పు. ఆ కుంటు ఎవరిది? నేను ఐదు నెలలు చూశాను. పాదం ఎలా పెట్టాలో, మెట్టు దిగేటప్పుడు ఊపిరి ఎలా బిగబట్టాలో నీకు తెలుసు. అది ఉత్త నటన కాదు. ఎవరో మనిషిని చూసి నేర్చుకున్నావు."

మహ్జూబా మోకాళ్ల మధ్య తల పెట్టుకుంది.

"అల్లాల్‌ది. మా ఆయనది."

అల్లాల్ సార్డీన్ పడవ మీద వల లాగే మనిషి. ఎనిమిదేళ్ల కిందట పడవ అడుగున చేపలు పోసే గోతిలో పడ్డాడు. నడుము అతుక్కుంది, కాలి మంట పోలేదు. బీమా వాళ్లు నటన అన్నారు. ఫైలు మూసేశారు.

"నేనూ నమ్మాను అక్కా. వాళ్ల మాటే నమ్మాను. ఎక్స్-రేలో ఏమీ లేదన్నారు కదా. బద్ధకం అనుకున్నాను. సోమరిపోతు అన్నాను, మగాడివేనా అన్నాను. ఎనిమిదేళ్లు! దుప్పటి కప్పితే తన్నేసేవాడు. పొగరు అనుకున్నాను." ఆమె మొహం తుడుచుకుంది, చెమటో కన్నీళ్లో తెలియదు. "పోయిన వసంతంలో బీమా కంపెనీ ఏజెంటు వచ్చాడు. క్లినిక్‌లో కూర్చుని ఒకామె సంగతులు చెబితే, మీ ఆయన ఫైలు మళ్లీ తెరిపిస్తానన్నాడు. కుంటడం వచ్చా అని అడిగాడు. వచ్చన్నాను. ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను కదా."

"కుచ్చుల సంగతి నేర్చుకోలేదు."

"ఎలా నేర్చుకుంటాను?" మహ్జూబా తల ఎత్తింది. "ఈ ఎనిమిదేళ్లలో ఆయన కాలి మీద ఒక్కసారైనా మెల్లగా చెయ్యి వేసి ఎరగను."

యమ్నా ఆ మాటలో అబద్ధం ఉందా అని వెతికింది. ఈ మధ్య ఆమెకు అదే అలవాటైపోయింది. దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదు అనుకుంది.

"ఆ రోజు డాక్టరమ్మ కుక్కల కథ చెప్పినప్పుడు ఇంటికి పోయి ఆయన మొహం చూడలేకపోయాను. అయినా సాయంత్రానికి అన్నీ రాసిచ్చాను. ఎందుకంటే మాట ఇచ్చేశాను. ఫైలు వాళ్ల చేతిలో ఉంది. అరగంట సంగతి కూడా నేనే చెప్పాను. ఒప్పుకుంటున్నా. నన్ను కొట్టక్కా, పోనీ."

"కొట్టడానికి నాకు ఒక చెయ్యే ఉంది. దాంతో జుట్టు దువ్వుకోవాలి."

మహ్జూబా నవ్వబోయి ఏడ్చింది. తరువాత ఒక్కసారిగా యమ్నా కుడి చెయ్యి పట్టుకుంది. "గురువారం నేను వస్తాను. జడ్జీ ముందు నిలబడి అంతా చెబుతాను. అల్లాల్ ఫైలు పోతే పోనీ. కానీ దానికి ముందు నువ్వొకటి చూడాలి. నా ఫోనులో ఉంది. అది చూడకుండా కోర్టుకు వెళ్తే నువ్వు అక్కడే కూలిపోతావు."

బట్టలు మార్చుకునే గది చల్లగా ఉంది. బయట వాన మొదలైంది. మహ్జూబా మూటలో చెయ్యి పెట్టి ఫోను తీయగానే టూడా అవ్వ పీట మీంచి లేచింది.

"ఏయ్! ఆడవాళ్లు బట్టలు విప్పే చోట ఫోనా? లోపల పెట్టు, లేకపోతే మరుగుతున్న నీళ్లలో వేస్తా!"

"మావాళ్ల పెళ్లి చూపిస్తున్నానవ్వా. కెమెరా గోడకేసి పెడతాను, చూడు."

"పెళ్లయినా చావయినా గోడకేసే పెట్టు."

ఇద్దరూ మూలకి తిరిగి, తువ్వాలు కింద దాచుకుని చూశారు. ముందు ఏవో ఫొటోలు: బస్సులో యమ్నా, క్లినిక్ మెట్ల మీద యమ్నా, రొట్టెల పలక పట్టుకున్న యమ్నా. ఒక్కొక్కటీ చూస్తూంటే దొంగ తన ఇంట్లో తిరిగిన అడుగులు లెక్కపెడుతున్నట్టుంది.

"ఇవన్నీ నావే" అంది మహ్జూబా. "కానీ ఇది నేను తీసింది కాదు. మొదటి రోజునే ఏజెంటు పంపాడు, నిన్ను గుర్తుపట్టడానికి. అప్పటికి నువ్వెవరో కూడా నాకు తెలీదు."

వీడియో కదిలింది. యమ్నాకు మొదట ఆ గది పోల్చుకోవడానికి టైము పట్టింది. తన వంటగదే. తన నీలం గుడ్డ పరిచిన బల్లే. కిటికీలోంచి పొద్దుటి ఎండ. బల్ల ముందు తను. రెండు చేతులతో పిండి సాగదీస్తోంది, మడుస్తోంది, అరచేత్తో చరుస్తోంది. ఎడమ చేత్తో కూడా. ఎంత హాయిగా ఉంది ఆ మొహం! ఆ అరగంటలో తను అలా ఉంటుందని ఆమెకే తెలియదు. ఇది చూసిన జడ్జీ ఇంకేమీ చూడడు.

వంటగది గుమ్మం లోపల నిలబడి తీశారు. చాలా దగ్గరగా.

"మా ఇంట్లోకి ఎవరొచ్చారు?" అంది యమ్నా.

"నాకు తెలీదక్కా. శబ్దం పెట్టనా?"

"షామా నీకు తెలుసా? నిజం చెప్పు. నా కూతుర్ని ఎప్పుడైనా కలిశావా?"

"ఎప్పుడూ చూడలేదు. దారిలో ఎదురైనా గుర్తుపట్టను. అల్లా మీద ఒట్టు."

మహ్జూబా శబ్దం పెంచింది. పిండి బల్ల మీద చరిచిన చప్పుడు. తరువాత ఫోను పట్టుకున్న మనిషి గొంతు, ముద్దుగా, నవ్వుతూ. "ఇటు చూడమ్మా. ఇంకాస్త నవ్వు."

ఈ లోకంలో ఆమెను అమ్మా అని పిలిచే గొంతు ఒక్కటే.

యమ్నా మళ్లీ పెట్టమంది. మళ్లీ వింది. కన్నకూతురు సరదాకు తల్లిని వీడియో తీసుకోకూడదా? తీసుకుని ఎవరికో పంపి ఉండొచ్చు. ఫోను ఎక్కడో పోగొట్టుకుని ఉండొచ్చు. ఎవరో దొంగిలించి ఉండొచ్చు. ఇలా ఒకదాని వెనక ఒకటి కారణాలు వెతుకుతూ, ఇంతవరకూ ఎవరి విషయంలోనూ తను ఇంత కష్టపడి మంచి కారణాలు వెతకలేదని ఆమెకు తోచింది.

గుమ్మంలో తెర కదిలింది. తడిసిన గొడుగు ముడుస్తూ షామా లోపలికి వచ్చింది. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి, చేతులకు చేపల వాసన.

"అయిందా అమ్మా? బయట కుండపోత…"

తువ్వాలు కింద నుంచి ఆమె గొంతే ఆమెకు వినబడింది. ఇటు చూడమ్మా. ఇంకాస్త నవ్వు.

షామా మొహంలో రంగు పోయింది. తల్లి వైపు చూడలేదు. అదేమిటని అడగలేదు. సూటిగా తల్లి పక్కన కూర్చున్న మనిషి వైపు చూసింది.

"అది అమ్మకు చూపించనని నాకు మాటిచ్చావు కదా, మహ్జూబా పిన్నీ!"